ఎర్ర సముద్రంలో ఒక్కరోజు డైవింగ్: లెక్క ఎక్కడ పెట్టాలి?

సౌదీ అరేబియా తీరంలో సముద్రం అడుగు చూడాలంటే చాలాకాలం పాటు ఆ దేశంలో ఉద్యోగమైనా ఉండాలి, ఉద్యోగం ఉన్నవాళ్లతో చుట్టరికమైనా ఉండాలి. 2019 సెప్టెంబర్ 27న 49 దేశాల పౌరులకు పర్యాటక వీసాలు తెరవడంతో ఆ స్థితి మారింది. జెద్దా, యాన్బూ, ఉమ్‌లుజ్, అల్ లిత్ లాంటి ఊళ్ల నుంచి పొద్దున పడవెక్కి, గైడ్ వెంట రెండుసార్లు నీళ్లలోకి దిగి, చీకటి పడకముందే ఒడ్డు చేరే స్కూబా యాత్ర ఇప్పుడు ఒక వ్యాపారం, ప్రభుత్వ విధానంలో ఒక భాగం, దాంతోపాటే ఒక వివాదం. ఇలాంటి యాత్రల ఆదాయమే పగడపు దిబ్బలకు రక్ష అని కొందరంటారు. జనం ఎక్కువైతే దిబ్బలు విరిగి ముక్కలవుతాయని ఇంకొందరంటారు. సముద్రం ఇంతగా కాగుతున్నప్పుడు డైవర్ల గురించి మాట్లాడటం అసలు సమస్యను తప్పించడమేనన్నది మూడో మాట. ముగ్గురి దగ్గరా ఆధారాలున్నాయి. అందుకే ఇన్నేళ్లయినా చర్చ ముడి వీడలేదు.

ముడి పడింది ముఖ్యంగా కొలత దగ్గరేనన్నది ఈ వ్యాసం వాదన. దేశానికి ఎంతమంది వస్తున్నారు, ప్రాజెక్టుకు ఏటా ఎంతమందిని అనుమతిస్తారు అన్న అంకెల చుట్టూ వాదన నడుస్తోంది. దెబ్బ తగిలేది మాత్రం దేశానికీ కాదు, ప్రాజెక్టుకూ కాదు. ఒక పడవ ఆగే చోట, ఒక గైడ్ వెనక ఈదే అయిదారుగురి కాళ్ల కింద ఉన్న నాలుగు గజాల పగడానికి. పరిమితి అక్కడ పెట్టాలి, లెక్క అక్కడ రాయాలి, ఆపే అధికారం అక్కడున్న మనిషికి ఇవ్వాలి. ఈ మూడూ లేకుండా పైనుంచి ఎంత గొప్ప హద్దు గీసినా అది నీటి అడుగుకు చేరదు.

కూస్తో నుంచి వీసాల దాకా

ఎర్ర సముద్రం దాదాపు 2,250 కిలోమీటర్ల పొడవున, ఎక్కువలో ఎక్కువ 355 కిలోమీటర్ల వెడల్పున సాగిన ఇరుకైన నీటిపాయ. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ ఇందులో కలవదు. దక్షిణాన బాబ్ అల్ మందబ్ జలసంధి ఒక్కటే దీనికి హిందూ మహాసముద్రంతో సహజమైన దారి. వాన తక్కువ, ఎండ ఎక్కువ కావడంతో ఉప్పదనం ఉత్తరాన వెయ్యికి 40 పాళ్లు దాటుతుంది. మిగతా సముద్రాల సగటు 35. నదుల బురద లేని ఆ తేటనీరే పగడాలకు బలం, డైవర్లకు ఆకర్షణ. ఇక్కడి చేపల్లో చాలా జాతులు మరే సముద్రంలోనూ కనిపించవు. జాక్ కూస్తో తన ‘కాలిప్సో’ ఓడను తొలి పెద్ద యాత్రకు 1951 చివర్లో తీసుకొచ్చింది ఈ సముద్రానికే. సౌదీ తీరంలోని ఫరసాన్ బ్యాంక్ దిబ్బల దగ్గర ఆయన బృందం లంగరు వేసింది. 1956లో కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి పొందిన ఆయన సినిమా ‘ది సైలెంట్ వరల్డ్’ సముద్రగర్భాన్ని లోకానికి చూపింది. చేపల లెక్క కోసం ఒక దిబ్బ మీద డైనమైట్ పేల్చిన దృశ్యం కూడా అదే సినిమాలో ఉంది. చూడటానికి వెళ్లిన చేయే చెరపగలదన్న సంగతి ఈ చర్చకు పుట్టుకతోనే ఉంది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో సౌదీ డైవింగ్ ఎక్కువగా ప్రవాసుల వారాంతపు వ్యాపకం. జెద్దా ఉత్తరాన ఉన్న ఓబుర్ పాయ దానికి కేంద్రం. ఇఖామా (నివాస అనుమతి పత్రం) ప్రతిని ముందే అందజేసి, సరిహద్దు రక్షక దళం అనుమతి వస్తేనే పడవ కదిలేది. ఆంక్షల వల్ల జనం పలచగా ఉన్నారు, జనం పలచగా ఉండటం వల్ల దూరపు దిబ్బలు అలాగే మిగిలాయి. అయితే ‘అలాగే మిగిలాయి’ అన్న మాట పగడాలకే వర్తిస్తుంది, చేపలకు కాదు. 2009లో తువల్‌లో మొదలైన కింగ్ అబ్దుల్లా సైన్స్ అండ్ టెక్నాలజీ విశ్వవిద్యాలయం (కౌస్ట్) పరిశోధకులు సౌదీ దిబ్బలను ఎదుటి ఒడ్డున ఉన్న సూడాన్ దిబ్బలతో పోల్చి చూశారు. సొరచేపలు, పెద్ద వేటచేపలు సూడాన్ వైపు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. సౌదీ వైపు దశాబ్దాల వేట వాటిని ఊడ్చేసింది. అంటే 2016 ఏప్రిల్‌లో సౌదీ ప్రభుత్వం ‘విజన్ 2030’ ఆర్థిక ప్రణాళిక ప్రకటించే నాటికి, 2017 జూలైలో తీరాన రిసార్టులు కట్టే రెడ్ సీ ప్రాజెక్టు వెలువడే నాటికి, పర్యాటకం అడుగుపెట్టింది చెక్కుచెదరని ప్రకృతిలోకేమీ కాదు. ఈ సంగతి మరిచిపోయి చేసే వాదనలన్నీ, ఎటువైపువైనా, సగంలోనే ఆగిపోతాయి.

పడవ ఎక్కినప్పటి నుంచి

ఒకరోజు యాత్ర నడిచే తీరు తెలియకపోతే వాదనలు గాలిలో ఉండిపోతాయి. పొద్దున్నే పడవ కదులుతుంది. గంటో రెండు గంటలో పోయాక దిబ్బ చాటున గాలి తగలని చోట ఆగుతుంది. గైడ్ ఆ స్థలం పటం గీసి చూపిస్తాడు: ఎటు దిగాలి, ఎంత లోతు, ప్రవాహం ఎటు, ఎవరికి ఎవరు తోడు. మొదటి స్థాయి శిక్షణ ఉన్నవాళ్లకు 18 మీటర్లు, పై స్థాయి వాళ్లకు 30 మీటర్లు హద్దు. ట్యాంకులో 200 బార్ ఒత్తిడితో నింపిన గాలి 50కి పడేలోపు పైకి రావాలి. వచ్చేముందు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. దాదాపు గంట విశ్రాంతి, భోజనం, మళ్లీ ఇంకో మునక. ఇదంతా ఎండ తగ్గేలోపు ముగియాలి గనుక పడవ ఎంతో దూరం పోలేదు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న కొద్దిపాటి దిబ్బల దగ్గరే తిరుగుతుంది. తర్వాత వచ్చే వాదనంతా ఈ చిన్న సంగతి మీదే ఆధారపడి ఉంది.

పగడం విరిగే తీరునూ దగ్గరగా చూడాలి. ఉప్పు ఎక్కువైన నీరు మనిషిని పైకి తేలుస్తుంది. అందుకని ఎర్ర సముద్రంలో నడుముకు సీసం బరువు కొంత ఎక్కువ కట్టుకోవాలి. గోదావరి, కృష్ణ, గంగ నీళ్లు కలిసి ఉప్పదనం తగ్గిన బంగాళాఖాతంలో, రుషికొండ దగ్గరో అండమాన్‌లోనో మునక నేర్చుకున్నవారికి ఈ తేడా తొలిసారి దిగగానే తెలుస్తుంది. బరువు చాలక తేలిపోతున్న కొత్తవాడికి గైడ్ ఇంకో రెండు దిమ్మలు తగిలిస్తాడు. లోతుకు పోయాక ఆ బరువు మరీ ఎక్కువవుతుంది. శరీరం అడ్డంగా ఉండాల్సింది పోయి తల పైకి, కాళ్లు కిందికి అయ్యి నిలువుగా వేలాడుతుంది. తేలడానికి తన్నే ప్రతి తన్నూ కింద ఉన్న కొమ్మ పగడానికి తగులుతుంది. ఆ డైవరుకు తను తన్నినట్టే తెలియదు, కాళ్లకు తొడిగిన ఫిన్స్ కొస అతని కంటికి కనపడదు. ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరగగల కొమ్మ పగడం ఒక్క తాకిడికి విరిగితే కొన్నేళ్లకు కోలుకోవచ్చు. ఏడాదికి సుమారు సెంటీమీటరు పెరిగే బండ పగడం మీద పడిన గీత మాత్రం దశాబ్దాల మాట. దుర్బుద్ధి ఎవరికీ లేదు. నష్టం మాత్రం జరిగిపోయింది.

నాలుగు వైపుల వాదన

మొదటి పక్షం ఆదాయాన్ని నమ్ముకున్నది. ప్రాణంతో ఉన్న చేప చచ్చిన చేప కంటే ఎక్కువ తెస్తే దాన్ని చంపేవాళ్లు తగ్గుతారన్నది దీని లెక్క. పలావ్ దేశంలో ఒక సొరచేప తన జీవితకాలంలో పర్యాటకం ద్వారా దాదాపు 19 లక్షల డాలర్లు తెస్తుందని 2011లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అక్కడి ప్రభుత్వం అంతకు రెండేళ్ల ముందే తమ జలాలను సొరచేపల అభయారణ్యంగా ప్రకటించింది. సౌదీలో ఈ వాదానికి అల్ లిత్ మంచి ఉదాహరణ. అక్కడి షిబ్ హబీల్ దిబ్బ దగ్గర వసంతంలో తిమింగల సొరచేపల పిల్లలు గుమిగూడతాయి. చాలాచోట్ల ఇలాంటి గుంపుల్లో మగవే ఎక్కువ కాగా ఇక్కడ ఆడ, మగ సమంగా ఉంటాయని కౌస్ట్ పరిశోధన చెబుతోంది. ఆ జంతువుల పేరు మీద అల్ లిత్ పడవలకు బతుకు దొరికితే వాటిని కాపాడే మొదటి కాపలాదారు జాలరే అవుతాడు. ఈ వాదంలో నిజం ఉంది. కాకపోతే ఆదాయం ఎవరి చేతికి వెళ్తుందో చెప్పకుండా దీన్ని ఒప్పుకోలేం. వల పక్కన పెట్టినవాడికి కాక పట్నంలోని కంపెనీకి డబ్బు చేరితే ఆ లెక్క అక్కడే తప్పుతుంది.

రెండో పక్షం సంఖ్యను నమ్ముకున్నది, దీని మీదే కాస్త నిలిచి ఆలోచించాలి. 1997లో జూలీ హాకిన్స్, కాలమ్ రాబర్ట్స్ ఎర్ర సముద్రం, కరీబియన్ అనుభవాలను కలిపి చూసి, ఒక డైవింగ్ స్థలం ఏడాదికి అయిదారు వేల మునకల వరకు తట్టుకుంటుందని, దాటితే నష్టం వేగంగా పెరుగుతుందని అంచనా వేశారు. అంతకుముందే బొనేర్ దీవి మీద జరిగిన అధ్యయనం కూడా నాలుగు నుంచి ఆరు వేల మధ్యే హద్దు గీసింది. ఈ అంకెను సౌదీ పరిస్థితికి వర్తింపజేసి చూద్దాం. ఒక దిబ్బకు అయిదు పడవలు, పడవకు పన్నెండు మంది, మనిషికి అక్కడ ఒక్క మునక, అదీ శుక్ర, శనివారాల్లో మాత్రమే అనుకుందాం. ఏడాదికి 6,240 మునకలు. అయిదే అయిదు పడవలు, వారానికి రెండే రోజులు, హద్దు దాటిపోయింది. రెడ్ సీ ప్రాజెక్టు తన మొత్తం ప్రాంతానికి పెట్టుకున్న పరిమితి ఏడాదికి పది లక్షల మంది అతిథులు. ఆ పరిమితిని తుచ తప్పకుండా పాటిస్తూనే ఒక దిబ్బను పూర్తిగా పాడుచేయవచ్చు. పరిమితి పెట్టడం తప్పని ఇక్కడ అనడం లేదు. 28,000 చదరపు కిలోమీటర్లకు ఒకే అంకె చెప్పడం వల్ల ఏ దిబ్బకూ భరోసా దొరకదని మాత్రమే వాదన.

మూడో పక్షం మనిషి నడవడికను చూస్తుంది. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్ జాతీయ పార్కులో 1997 నాటి అధ్యయనం ఒకటి, దిగేముందు పగడాల గురించి వివరంగా చెప్పి, నీళ్లలో చూపించి తీసుకెళ్తే తాకిళ్లు ఏడు నిమిషాలకు 1.4 నుంచి 0.4కు తగ్గాయని తేల్చింది. మాటతో పోయేదానికి నిషేధాలెందుకని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. 2004లో సెయింట్ లూసియా దీవిలో 353 మంది డైవర్లను వెంబడించి చేసిన పరిశీలన ఆ సంబరానికి కళ్లెం వేసింది. నూటికి డెబ్బై నాలుగు మంది ఒక్కసారైనా పగడాన్ని తాకారు. తాకిళ్లలో ఎక్కువ భాగం ఫిన్స్ వల్లే. పైన పడవలో చెప్పిన ఒక్క వాక్యపు హెచ్చరిక వల్ల ఏ తేడా రాలేదు. గైడ్ నీళ్లలో కల్పించుకుని సరిచేసిన చోటే తాకిళ్లు తగ్గాయి. రెండు అధ్యయనాలనూ ఎదురెదురుగా నిలబెట్టడం కంటే కలిపి చదవడం మేలు: బోధన పనిచేస్తుంది, కానీ అది పూర్తి బోధన అయి ఉండాలి, దాని వెనక నీళ్లలో అడ్డుపడే చెయ్యి ఉండాలి.

నాలుగో పక్షం తలుపులు మూసేయమంటుంది. థాయ్‌లాండ్ మాయా బే తీరాన్ని 2018 జూన్ నుంచి మూడున్నరేళ్లు మూసి తెరిచింది. పగడాలు నాటారు, సొరచేప పిల్లలు తిరిగొచ్చాయి. విరామం దిబ్బకు మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. శాశ్వత నిషేధం మాత్రం కాపలా ఉన్నచోటే నిలుస్తుంది. కాపలా లేని చోట డైవింగ్ పడవ పోగానే వల పడవ వస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే, ఆదాయ పక్షం డబ్బును కొలుస్తుంది, డబ్బు పంపకం దగ్గర తడబడుతుంది. సంఖ్యా పక్షం మునకలను కొలుస్తుంది, మంచి డైవర్‌కూ కొత్తవాడికీ తేడా చూడదు. నడవడిక పక్షం తాకిళ్లను కొలుస్తుంది, గైడ్‌కు ఎంతమందిని అప్పగించారో అడగదు. నిషేధ పక్షం కాలాన్ని కొలుస్తుంది, కాపలా ఖర్చు చెప్పదు. ఇవి ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలని ఇన్నాళ్లూ వాదించుకోవడం వల్లే చర్చ ముందుకు కదలలేదు. నాలుగూ ఒకే పడవలో, ఒకే రోజున అవసరమైన సంగతులు.

పొరుగు తీరాల పాఠం

ఇదే ఎర్ర సముద్రం పడమటి ఒడ్డున ఈజిప్టు ఈ బాట ముందే తొక్కింది. రాస్ మొహమ్మద్‌ను 1983లోనే రక్షిత ప్రాంతం చేసినా, హుర్ఘాదా హోటళ్లు పెరిగిన వేగానికి పడవలు దిబ్బల మీదే లంగర్లు విసిరాయి. ఒక్క లంగరు గొలుసు ఈడ్చుకుపోయే పగడం వందమంది డైవర్లు తన్నేదానికంటే ఎక్కువ. 1992లో అక్కడి డైవింగ్ వ్యాపారులే హెప్కా అనే సంస్థ పెట్టుకుని, లంగరు వేయకుండా పడవను కట్టేసే బోయాలు వందల సంఖ్యలో అమర్చారు. ఉత్తర కొసన ఎయ్‌లాత్‌లో పన్నెండు కిలోమీటర్ల తీరంలోనే ఏటా రెండున్నర లక్షలకు పైగా మునకలు జరుగుతున్నాయని 2002 నాటి పరిశోధన చూపింది. ఎక్కువమంది దిగే చోట్ల విరిగిన పగడాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. కరీబియన్‌లోని బొనేర్ దారి వేరు. 1979లో మెరైన్ పార్కు, 1992 నుంచి ప్రతి డైవర్ దగ్గరా రుసుము, వచ్చిన డబ్బు పార్కు నిర్వహణకే. ఎంత అనుభవజ్ఞుడైనా ముందు పరిచయ పాఠం విని, ఒడ్డు దగ్గర ఒక మునక వేసి చూపించాకే మిగతా స్థలాలకు పోనిస్తారు. థాయ్‌లాండ్‌లోని సిమిలన్ దీవులు 2018 అక్టోబర్ నుంచి రోజుకు 525 మంది డైవర్లని హద్దు పెట్టుకుని, వానాకాలం అయిదు నెలలూ మూసే ఉంచుతున్నాయి.

సౌదీకి వీటిలో ఏదీ యథాతథంగా సరిపోదు. అయితే ఆలస్యంగా మొదలుపెట్టడం ఇక్కడ పెద్ద లాభం. బోయాలు ముందు వేసి పడవలను తర్వాత పిలిచే అవకాశం ఈజిప్టుకు లేదు, సౌదీకి ఉంది. రెడ్ సీ ప్రాజెక్టు వస్తున్న అల్ వజ్ మడుగులో 90కి పైగా దీవులుంటే 22 మాత్రమే అభివృద్ధి చేస్తామని, తొమ్మిదిటిని ప్రత్యేక రక్షణలో ఉంచుతామని దాన్ని కడుతున్న రెడ్ సీ గ్లోబల్ సంస్థ ప్రకటించింది. ఏ దీవి ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది కౌస్ట్ శాస్త్రవేత్తలతో కలిసి ముందే లెక్కగట్టి, 2020లో ఆ పద్ధతిని శాస్త్ర పత్రికలో ప్రచురించారు. 2021లో ఏర్పడిన సౌదీ రెడ్ సీ అథారిటీకి తీరప్రాంత పర్యాటకానికి లైసెన్సులిచ్చే బాధ్యత అప్పగించారు. పునాది ఉంది. దీవుల స్థాయిలో చేసిన ఆ జాగ్రత్తను దిబ్బల స్థాయికి దించడమే మిగిలిన పని.

గైడ్ మాట చెల్లుతుందా?

సెయింట్ లూసియా పరిశీలన సరైనదైతే, మొత్తం రక్షణ వ్యవస్థ చివరికి ఒక్క మనిషి మీద ఆనుకుంటుంది. అతని గురించే ఈ చర్చలో అతి తక్కువ మాటలు వినిపిస్తాయి. గల్ఫ్ ఉద్యోగాల సంగతి జగిత్యాలలో, నిజామాబాద్‌లో, కడపలో ఇంటింటికీ తెలిసిందే గనుక ఈ విషయం తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. వీసా ఒకరి చేతిలో, జీతం ఒకరి చేతిలో, అతిథి మెప్పు మీద బక్షీసు ఉన్న గైడ్, డబ్బు కట్టి వచ్చిన అతిథి కాలు పట్టి పక్కకు జరపగలడా? రెండో మునకకు నువ్వు రావద్దని చెప్పగలడా? చెప్పినందుకు మర్నాడు పడవలో చోటు పోదన్న నమ్మకం ఉంటేనే చెబుతాడు. 2021 మార్చిలో అమల్లోకి వచ్చిన కార్మిక సంస్కరణ, ప్రైవేటు రంగ ఉద్యోగులు ఏడాది పూర్తయ్యాక యజమాని సమ్మతి లేకుండానే వేరే సంస్థకు మారే వీలిచ్చింది. దాన్ని కార్మిక హక్కుల విషయంగానే చూస్తారు. పగడాల రక్షణకూ దానికీ నేరుగా సంబంధం ఉందని ఇక్కడ గట్టిగా చెప్పాలి. లైసెన్సు షరతుల్లోనే ‘డైవ్ ఆపే హక్కు గైడ్‌ది’ అని రాసి, ఆపినందుకు శిక్షించే పడవకు లైసెన్సు పోతుందని చేరిస్తే, ఖర్చు లేకుండా దొరికే రక్షణ అది. గైడ్ వెనక నలుగురికి మించి ఉండకూడదన్న నియమం దానికి తోడు కావాలి. ఎనిమిది మందిని వెంటేసుకున్నవాడు వెనక్కి తిరిగి చూసేసరికే పగడం విరిగి ఉంటుంది.

మనుషుల భద్రతా ఈ నియమాలతోనే ముడిపడి ఉంది. ఎక్కువసార్లు మునిగిన తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది డైవింగ్ వైద్యుల మాట. ఒంట్లో కరిగిన నత్రజని బయటికి పోకముందే గాలి ఒత్తిడి తగ్గితే కీళ్లకు, నరాలకు, కొన్నిసార్లు ప్రాణానికే ముప్పు. వారాంతానికి రియాద్ నుంచి ఎగిరొచ్చి శనివారం రాత్రే తిరిగెళ్లే ఉద్యోగి ఈ నియమాన్ని తెలియకుండానే మీరే ప్రమాదం ఉంది. జెద్దాలో మునిగి సాయంత్రం అల్ హదా కొండదారి మీదుగా తాయిఫ్ పోయేవాళ్లకూ అంతే. తాయిఫ్ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. విమానం ఎక్కలేదు కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు. ఇవి చెప్పాల్సిందీ గైడే. పడవల తనిఖీ ఎంత ముఖ్యమో గోదావరి తీరాన మనకు వేరే చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగాకే ఆంధ్రప్రదేశ్‌లో బోట్ల నియంత్రణకు కంట్రోల్ రూములు వచ్చాయి. ఈజిప్టు తీరంలో 2024 నవంబర్‌లో ‘సీ స్టోరీ’ డైవింగ్ నౌక మునిగి ప్రాణాలు పోవడం అదే హెచ్చరిక.

ఎదురుమాటలు

ఈ వాదన మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది వేడి. 1998, 2010, 2015, మళ్లీ 2023: ఎర్ర సముద్రపు పగడాలు పాలిపోయిన ఏళ్లు ఇవి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ ప్రకటించింది. వేడి ఒక్క వేసవిలో చంపే పగడాన్ని డైవర్లు వందేళ్లలో విరవలేరు కదా అంటారు. లెక్క ప్రకారం నిజమే. కానీ తువల్ దగ్గర 2010లోనూ 2015లోనూ ఎక్కువ దెబ్బతిన్నవి ఒడ్డుకు దగ్గరగా ఉన్న లోతు తక్కువ దిబ్బలు. ఒకరోజు పడవలు పోయేవీ ఆ దిబ్బలకే. పాలిపోయి తిరిగి చిగురిస్తున్న పిల్ల పగడం మీద ఫిన్స్ తగలడం, ఆరోగ్యంగా ఉన్నదాని మీద తగలడం ఒకటి కావు. వేడి మన చేతిలో వెంటనే లేనిది. కోలుకునే చోట్లకు పడవలు పోకుండా ఆపడం మన చేతిలో ఉన్నది. పైగా ఉత్తర ఎర్ర సముద్రంలోని పగడాలు వేడిని అసాధారణంగా తట్టుకుంటాయని, అది పగడాలకు చివరి ఆశ్రయం కావచ్చని 2013 నుంచి శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అదే నిజమైతే అక్కడి ఒక్కో దిబ్బ విలువ ప్రపంచానికి ఇంకా పెరుగుతుంది, అజాగ్రత్తకు సాకు తగ్గుతుంది.

రెండో అభ్యంతరం ధరకు సంబంధించింది. ఖరీదైన రిసార్టులే పెడితే కొద్దిమందే వస్తారు, దిబ్బ బతుకుతుంది, విడిగా పరిమితులెందుకని అడుగుతారు. రాత్రికి వేల రియాళ్ల గది తీసుకునేవాడికి బరువు తూకం బాగా వస్తుందన్న హామీ ఏమీ లేదు. సెలవులో తొలిసారి దిగే ధనవంతుడూ కొత్తవాడే. అంతకంటే ముఖ్యమైన చిక్కు ఇంకోటి. జెద్దాలో పనిచేసే నర్సు, యాన్బూ రిఫైనరీ ఫిట్టర్, అల్ లిత్ బడిపిల్లలు ఆ సముద్రం అడుగు ఎప్పటికీ చూడలేకపోతే దాన్ని కాపాడమని గొంతెత్తేది ఎవరు? సాదా పడవ యాత్ర సామాన్యుడికి ఉన్న ఏకైక దారి. దాన్ని ధరతో మూయడం కంటే వంతులతో, ముందస్తు నమోదుతో, స్థలం వారీ రోజువారీ టోకెన్లతో నడపడం న్యాయం. పడవ బయల్దేరే ముందు సరిహద్దు దళానికి ప్రయాణికుల పేర్లు ఎలాగూ ఇవ్వాల్సిందే. ఆ పత్రంలోనే ఏ దిబ్బకు, ఎన్ని మునకలు అన్న రెండు గడులు చేరిస్తే కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఆ లెక్కలు నెలనెలా అందరికీ కనిపించేలా ప్రచురించాలి.

మూడోది, విరిగినవి మళ్లీ నాటుకోవచ్చు కదా అన్న మాట. నియోమ్ అనే కొత్త నగర ప్రాజెక్టు తీరంలోని షూషా దీవి దగ్గర వంద హెక్టార్లలో ఇరవై లక్షల పగడాలు నాటే పెద్ద ప్రయత్నం కౌస్ట్ చేపట్టింది. అది మెచ్చుకోదగ్గ పని, దాని నుంచి నేర్చుకునేదీ ఎంతో ఉంటుంది. అయినా నర్సరీలో పెంచి నాటిన పిలకలు వందల ఏళ్ల బండ పగడానికి బదులు కావు. ఒకచోట నాటుతున్నామని ఇంకోచోట తన్నడానికి అనుమతి పుట్టదు.

ఫరసాన్ దగ్గర ఆగిన ప్రశ్న

ఈ చర్చ రాబోయే ఏళ్లలో ఎటు తిరుగుతుందో తేల్చేది విలాసాల అల్ వజ్ కాదు, దక్షిణాన ఉన్న ఫరసాన్ అనిపిస్తుంది. జిజాన్ రేవు నుంచి ప్రభుత్వ ఫెర్రీలో ఉచితంగా చేరుకోగల ఈ దీవుల్లో జనం తరతరాలుగా నివసిస్తున్నారు, వేట వాళ్ల బతుకు. ఏటా వసంతంలో హరీద్ అని పిలుచుకునే చిలుకచేపలు గుంపులుగా ఒడ్డుకు వస్తే ఊరంతా నీళ్లలోకి దిగి పండగ చేసుకుంటుంది. పగడాల మీద నాచు గీకి తిని దిబ్బను శుభ్రంగా ఉంచే చేప కూడా అదే. 2021లో యునెస్కో ఫరసాన్‌ను జీవావరణ రక్షిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. ఆ పద్ధతిలో ఎవరూ కదపకూడని నడిబొడ్డు, పరిమితంగా వాడుకునే అంచు, జనం బతికే వెలుపలి వలయం అని మూడు భాగాలుంటాయి. డైవింగ్‌కు కావలసిన స్థలం వారీ హద్దులు గీయడానికి ఇంతకంటే సిద్ధంగా ఉన్న చట్రం ఈ తీరంలో మరొకటి లేదు.

అక్కడి చిక్కులూ వేరు. నీరు ఉత్తరం కంటే వేడి, చూపు తక్కువ దూరం ఆనుతుంది, యెమెన్ యుద్ధం పక్కనే ఉంది. యెమెన్ తీరాన పాడుబడిన ‘సేఫర్’ చమురు నౌకలోని పదకొండు లక్షల బ్యారెళ్ల చమురును 2023 ఆగస్టు నాటికి వేరే ఓడలోకి తోడేదాకా ఈ దీవుల పగడాలకు దినదిన గండమే. ఉత్తరాది పగడాలకు ఉన్న వేడిని తట్టుకునే వెసులుబాటు ఇక్కడ ఎంతవరకు ఉంటుంది, ఏడాదికి అయిదారు వేల మునకలన్న అంకె ఈ వేడినీటి దిబ్బలకు ఇంకా తగ్గించాలా, హరీద్ వేటకూ డైవింగ్‌కూ ఒకే దిబ్బను కాలం మార్చి పంచవచ్చా అన్నవి శాస్త్రం తేల్చాల్సినవి. శాస్త్రంతో పనిలేకుండా ఇప్పుడే తేల్చుకోగలిగినవీ ఉన్నాయి: బోయాలు ఏ దిబ్బల దగ్గర వేయాలి, ఒక్కో బోయాకు రోజుకు ఎన్ని పడవలు కట్టనివ్వాలి, ఆ లైసెన్సుల్లో మొదటి వంతు జిజాన్ కంపెనీలకా, వల పక్కన పెట్టడానికి సిద్ధపడ్డ ఫరసాన్ జాలరి కుటుంబాలకా.